తొమ్మిదో అంకె

2

ఈ పుటకి రెండు అని పెట్టాను. ఒకటితో ఎందుకు మొదలుపెట్టలేదని చండ్ర మాస్టారు అడగరు. ఒకటి నిలిచే సంఖ్య కాదు. మా లోగిట్లో నిలవని సంఖ్యని దేనికీ పెట్టం, తలుపుకైనా మనిషికైనా.

పదిహేను రాళ్ళిస్తే మూడు సమానమైన వరుసలుగా పేర్చొచ్చు. పదిహేడు రాళ్ళిస్తే ఎన్ని తంటాలు పడ్డా ఒక్క పొడుగు వరుసే వస్తుంది. పదిహేను విడిపోతుంది, పదిహేడు నిలుస్తుంది. పాత పుస్తకాల్లో నిలిచేవాటిని ప్రధాన సంఖ్యలు అన్నారు. ఆ మాట కూడా బాగుంది, పెద్దమనిషిలా ఉంది.

మాస్టారు మాకు లెక్కలూ తెలుగూ రెండూ చెప్తారు. ఏ రోజు చేసిన పని ఆ రోజు రాయమన్నారు, రాస్తే మాట పదునెక్కుతుందట. నా పేరు రేల. అది పసుప్పచ్చ పువ్వులు వేలాడే చెట్టు పేరట. మా అందరివీ చెట్ల పేర్లే. చెట్టుని చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు.

ఇవాళ నాచు తొట్లు గీకాను. మధ్యాహ్నం గాలి జల్లెడలు కడిగాను. గని పై చాలులో, అంటే పై సొరంగంలో, నీళ్ళు చల్లగా ఉన్నాయి. వేళ్ళు మొద్దుబారాయి. మొద్దుబారడం కత్తికి కదా, వేళ్ళకి ఎలా వచ్చిందో రేపు అడగాలి.

3

వేళ్ళది అడగలేదు. వేరే పని పడింది.

వారానికోసారి పై చాలు చివరికెళ్ళి గొట్టంలోంచి బయటి గాలిని సీసాలోకి లాగి పరీక్ష పెట్టడం నా వంతు. కావలి దాన్ని చూసి, పైన గాలి బాగైందో లేదో, రెండు మాటల్లో ఒకటి చెప్తుంది. నేను పుట్టినప్పట్నించీ ఒకటే చెప్తోంది: ఇంకా లేదు. కావలి అంటే మా గాలిని, తలుపుల్ని చూసే యంత్రం. మొదటి నలుగురు అమ్మలు ఈ పాత బొగ్గు గనిలోకి దిగినప్పుడు దాన్ని పెట్టి, ఎవరూ విప్పకుండా పోతపోసి మూసేశారు.

తిరిగొస్తుంటే మొగలక్క ఎదురైంది. ప్రతి వారం ఆ మలుపులోనే నిలబడుతుంది.

"ఏమంది?"

ఇంకా లేదందని చెప్పాను. సరేలే, అని చేతులు తుడుచుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయింది. మొగలక్క ఇంకేమీ అడగదు.

కింద తొట్ల దగ్గర పొగడ వాంతి చేసుకుంటోంది. పొగడ నాకన్నా ఆరేళ్ళు పెద్దది, వరసకి నాకు కూతురు. వాళ్ళమ్మ సంపెంగక్క మా పెద్దమ్మ కూతురు. అందుకని పొగడ నన్ను అందరి ముందూ పిన్నీ అని సాగదీసి పిలిచి ఏడిపిస్తుంది. ఇవాళ సాగదీయలేదు.

"పిన్నీ, ఎవరికీ చెప్పకు. రెండు నెలలు," అంది.

నాచు వాసనకి అనుకున్నాను. నాచు వాసనకి నెలలు లెక్కపెట్టరని తర్వాత అర్థమైంది.

5

సంపెంగక్కకి చెప్పక్కర్లేకపోయింది. పొగడ రొట్టె తిననని పళ్ళెం జరిపిన తీరులోనే ఆమెకి తెలిసిపోయింది. తిట్టలేదు. రొట్టె మళ్ళీ పళ్ళెంలో పెట్టి, అంకె ఏదీ లేదే తల్లీ, అంది.

లోగిట్లో పుట్టిన ఎవరికైనా ఈ మాట అర్థమవుతుంది. కానీ మాస్టారు ఎప్పుడూ చెప్తారు, చదివేవాడు పైనుంచి ఇప్పుడే దిగాడనుకుని రాయాలని. రాస్తాను.

పైన మనుషులకి ఇంటిపేర్లుండేవట. మాకు ఇంటిసంఖ్యలు. నలుగురు అమ్మల సంఖ్యలు రెండు, మూడు, ఐదు, ఏడు. బిడ్డ పుడితే తల్లి సంఖ్య తీసుకుని దాని చివర ఒక అంకె చేరుస్తారు, వచ్చిన సంఖ్య నిలవాలి. ఏడు అమ్మ కూతురు డెబ్బై మూడు. ఆమె కూతురు ఏడు వందల ముప్పై తొమ్మిది. ఇలా. ఒక సంఖ్య ఒక్కరికే, పోయినవాళ్ళది మళ్ళీ ఇవ్వరు. ఎవరి సంఖ్యనైనా కుడివైపు నుంచి ఒక్కో అంకే తీసేస్తూ వస్తే వాళ్ళ అమ్మ, అమ్మమ్మ, ముత్తవ్వ వరసగా వస్తారు, అందరూ నిలిచే సంఖ్యలే. బారసాల రోజు దీన్నే వెనక్కి చదవడం అంటాం.

ఇలా పెంచుకుంటూ పోతే ఎప్పటికీ సాగుతుందనిపిస్తుంది. సాగదు. మొత్తం ఎనభై మూడు సంఖ్యలే వస్తాయి. అన్నిట్లోకీ పెద్దది పొగడది.

ఏడు కోట్ల ముప్పై తొమ్మిది లక్షల ముప్పై తొమ్మిది వేల నూట ముప్పై మూడు.

73939133
7393913
739391
73939
7393
739
73
7

చిన్నప్పుడు దీన్ని పాటలా పాడుకునేదాన్ని. ఎక్కడ కోసినా నిలుస్తుంది. ఇంత పొడుగున్నది, కోసినా నిలిచేది, ఇంతకన్నా పెద్దది సంఖ్యలన్నిట్లోనే లేదని మాస్టారు చెప్పినప్పుడు పొగడని చూసి అసూయపడ్డాను. నాది ఏడంకెల సంఖ్య, 7393933. దానికి ఏ అంకె చేర్చినా విడిపోతుంది. నాలాంటి వాళ్ళకి పన్నెండో ఏట మందిస్తారు, బిడ్డలు కలక్కుండా. చేదుగా ఉంటుందనుకున్నాను. ఏ రుచీ లేదు.

ఎనిమిదంకెల వాళ్ళకి మందివ్వరు. ఎనిమిది తరాలకి పైన గాలి బాగవుతుందని అమ్మలు లెక్క వేశారు. అందుకే ఎనిమిదితో ఆగిపోయే సంఖ్యలు ఏరుకున్నారు, లోపల జనం పెరిగిపోకుండా. తొమ్మిదో అంకె పైన ఎండలో చదువుకుంటారన్నారట.

7

తొమ్మిదో అంకె లేదని అందరూ అంటారు. చెయ్యి పెట్టి చూసినవాళ్ళు ఎవరూ లేరు. మాస్టారు కూడా ఆయన మాస్టారు చెబితే నమ్మినాయనే. ఈ మాట నేను ఆయన ముందే అనేశాను. ఆయనకి కోపం రాలేదు. అయితే చేసి చూడు, అని పలక ఇచ్చారు.

కావలిని అడిగితే చిటికెలో చెప్తుంది. కానీ దానికి నిలవని సంఖ్య చెప్తే దొంగ సంఖ్య అనుకుని చెప్పినవాళ్ళు పడుకునే గూటికి గాలి ఆపేస్తుంది. ఊరికే అడగడానికి లేదు.

పొగడ సంఖ్య చివర సరి అంకె పెడితే రెండుతో విడిపోతుంది. సున్నా, ఐదు పెడితే ఐదుతో. మిగిలినవి ఒకటి, మూడు, ఏడు, తొమ్మిది. సంఖ్యలోని అంకెలన్నీ కూడితే ముప్పై ఎనిమిది. ఒకటి చేరిస్తే ముప్పై తొమ్మిది, ఏడు చేరిస్తే నలభై ఐదు. రెండూ మూడుతో పోతాయి. పలక మీద రెండు గీతలు కొట్టాను.

ఇంకా రెండున్నాయి, మూడూ తొమ్మిదీ. పొగడ పక్కనే కూర్చుని జల్లెడ అల్లుతోంది.

"మూడైతే బాగుంటుంది పిన్నీ. నాదీ మూడుతోనే అయిపోతుంది కదా. నా పోలిక వచ్చినట్టుంటుంది."

నేను భాగించడం మొదలుపెట్టాను. ఏడుతో పోలేదు. పదకొండుతో పోలేదు. పదమూడు, పదిహేడు, పంతొమ్మిది. ఒక్కొక్కటీ మిగులు వదిలినప్పుడల్లా పొగడ ఊఁ అంటోంది. నూరు దాటింది. నూట ఏడు, నూట తొమ్మిది, నూట పదమూడు.

నూట ఇరవై ఏడుతో పోయింది. మిగులు సున్నా.

మళ్ళీ చేశాను. 127 వరుసలు, వరుసకి యాభై ఎనిమిది లక్షల ఇరవై ఒక్క వేల తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది. ఒక్కటి కూడా మిగల్లేదు.

పొగడ అల్లిక ఆపలేదు. "తొమ్మిది కూడా బాగానే ఉంటుందిలే," అంది.

11

తొమ్మిదికి చాలా రోజులు పట్టింది. ఇరవై ఏడు వేలు దాటేదాకా వచ్చే నిలిచే సంఖ్యలన్నిటితో చూడాలి, అప్పటికీ పోకపోతే నిలిచినట్టే అని మాస్టారు చెప్పారు. తొట్లు గీకడం, జల్లెడలు కడగడం అయ్యాక పలక తీసేదాన్ని. పొగడ కూడా రెండో పలక తెచ్చుకుంది. నేను ఒక సంఖ్యతో చేస్తే తను తర్వాతి దానితో చేసేది. పొగడ భర్త మద్ది కింది చాలులో నీళ్ళు తోడే పని ముగించుకుని వచ్చి మాకు పుట్టగొడుగుల పులుసు వేడిచేసి పెట్టేవాడు. ఆయన మాట్లాడేది తక్కువ. ఏ సంఖ్య దాకా వచ్చాం అని మాత్రం అడిగేవాడు.

నిజం చెప్పాలంటే ఆ రోజులు బాగున్నాయి. పొగడ వేళాకోళాలు మళ్ళీ మొదలయ్యాయి. మా పిన్ని మాటలు మేస్తుంది, నాచు రొట్టె మాత్రం ఎవరూ చూడకుండా తొట్లో పడేస్తుంది, అని మద్దికి చెప్పింది. నిజమే, పడేస్తాను. పొగడ పొట్ట పలకకి ఒరుసుకునేంత అయింది. పలక ఆనించుకోడానికి పనికొస్తోంది, అనేది.

ఇవాళ విడిపోయింది.

ఏ సంఖ్యతో విడిపోయిందో రాయను. దాని తప్పేం లేదు.

పొగడ తన పలక మీద అదే భాగహారం మొదట్నించీ చేసింది. నేను చేసిన దానికన్నా చక్కగా చేసింది. కింద సున్నా వేసి, దాని చుట్టూ గుండ్రంగా ఇంకో సున్నా గీసింది. తర్వాత పలక కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. నాకు ఏడుపు వస్తుందేమోనని కూర్చున్నాను. రాలేదు. జల్లెడలు కడిగే టైమైంది.

13

బారసాల దాకా ఇబ్బంది లేదు. ఇరవై ఒకటో రోజు వరకూ బిడ్డ ఊపిరి తల్లి లెక్కలోనే నడుస్తుంది. ఆ తర్వాత కావలి ఊపిర్లు లెక్కపెడుతుంది. సంఖ్యకి మించి ఒక్క ఊపిరి ఎక్కువున్నా అది ఏ గూటిదో కనిపెట్టి ఆ గూటికి గాలి తగ్గిస్తుంది. అక్కడితో ఆగదు. మా అమ్మమ్మల కాలంలో ఎవరో దాని పోత పగలగొట్టి లెక్క మార్చబోయారు. ఐదు అమ్మ చాలు మొత్తం మూసుకుపోయింది, మనుషులతో సహా. ఆ చాలు ముందు నుంచి నడిచేటప్పుడు ఇప్పటికీ మాట్లాడం.

సంపెంగక్క తన గాలి ఇచ్చేస్తానంది. నేను పోతే ఒక ఊపిరి తగ్గుతుంది కదా, అని చాలా మామూలుగా అంది, రొట్టె సగం ఇస్తానన్నట్టు. తగ్గదని మాస్టారు వివరించారు. మనిషి పోతే ఆ సంఖ్య మూసుకుంటుంది, ఇంకొకరికి తెరుచుకోదు. కావలికి కావాల్సింది ఖాళీ కాదు, నిలిచే సంఖ్య.

"అయితే నా చావు కూడా పనికిరాదన్నమాట," అంది సంపెంగక్క. అని పిండి కలపడానికి వెళ్ళింది.

మద్ది మాత్రం బిడ్డని తీసుకుని పైకి వెళ్ళిపోదాం అన్నాడు. ఆ గాలిలో ఎంతసేపు ఉంటారో అందరికీ తెలుసు. ఆయనకీ తెలుసు.

17

పలక మీద పొగడ సంఖ్య తప్ప వేరే ఏదీ వెయ్యలేదు ఇన్నాళ్ళూ. ఇవాళ చెయ్యి ఊరుకోక, ఎనిమిదంకెలవన్నీ వేశాను. ఐదే ఐదు, అంతకన్నా చిన్నవన్నీ ఎప్పుడో అయిపోయాయి. రెండు అమ్మ వంశంలో రెండు, వాళ్ళు బతికే ఉన్నారు. ఐదు అమ్మది ఆ చాలుతోపాటే మూసుకుంది. ఏడుది పొగడ. మూడు అమ్మ వంశంలో ఒకటి ఇంకా పుట్టలేదు.

37337999.

అది మొగలక్కకి పుట్టాల్సిన బిడ్డ. మొగలక్క సంఖ్య 3733799. దానికి తొమ్మిది ఒక్కటే సరిపోతుంది.

చాలాసేపు దాన్నే చూశాను. మేమంతా ఇన్ని నెలలు పొగడ సంఖ్యకి కుడిపక్కనే వెతికాం. బిడ్డ తల్లి సంఖ్య చివరే వస్తుంది, ఇంకెక్కడా రాదు, అది మాకు ఊపిరంత అలవాటు. కానీ బిడ్డ ఎవరి కడుపున పుట్టిందో కావలికి ఎలా తెలుస్తుంది? దానికి కావాల్సింది నిలిచే సంఖ్య, తల్లినని చెప్పే ఆవిడ బొటనవేలు. అంతే. సంఖ్యకి కడుపు తెలీదు.

మాస్టారికి చెప్పాను. ఆయన ముఖం ఎర్రబడటం మొదటిసారి చూశాను.

"పైన దీన్ని దత్తత అనేవాళ్ళు. ఒకరి బిడ్డని ఇంకొకరి ఇంటిపేరులోకి తీసుకోవడం. కింద ఆ మాట లేదు. ఎందుకు లేదో ఆలోచించు."

వెనక్కి చదవడం ఉన్నందువల్ల లేదన్నారు. బారసాలలో మేం చదివేది రుజువు. ప్రతి సంఖ్యకీ ఒక మనిషి, ప్రతి మనిషికీ ఒక కడుపు. ఒక్కసారి ఒక్క మెట్టు అబద్ధమైతే మొత్తం వరస పాటే అవుతుంది, రుజువు కాదు.

అంకెలన్నీ నిజమే కదా మాస్టారూ, అన్నాను.

"లెక్క తప్పయితే దిద్దుతాను రేలా. మనిషిని తప్పు చదవమంటే నా నోరు తిరగదు. నువ్వు చదువుకో."

ఆయన కోపంలో అన్నారు. ఆ చివరి మాట మాత్రం నేను దాచుకున్నాను.

దత్తత. రెండు తకారాలు పక్కపక్కన ఒత్తుకుని ఉన్నాయి. ఇంకో రోజైతే ఈ మాట దొరికినందుకు గెంతేదాన్ని.

19

మొగలక్క పంపు విప్పి పెట్టుకుని ఉంది, మోచేతుల దాకా నల్లటి జిడ్డు. ఆమె భర్త నీళ్ళ చాలు కూలినప్పుడు పోయాడు, నేను చిన్నదాన్ని. ఆయన విత్తు చలిపెట్టెలో దాచి ఉందని అందరికీ తెలుసు. ఎందుకు కనలేదో ఎవరూ అడగలేదు.

నేనొక్కదాన్నే వెళ్దామనుకున్నాను. పొగడ ఒప్పుకోలేదు. నా నోటితో నేనే అడగాలి అంది. వెళ్ళాక నోరు మెదపలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. చెప్పినంతసేపూ మొగలక్క మర తిప్పుతూనే ఉంది.

"నా తొమ్మిదిని అడగడానికొచ్చారా. ఉప్పు నిండుకుంది, గుప్పెడు పెట్టమన్నట్టు."

పొగడ అప్పుడు నోరు విప్పింది. "ఉప్పయితే తిరిగిచ్చేదాన్ని అత్తా."

మొగలక్క మర కింద పెట్టింది. పొగడ పొట్ట వైపు చూసింది, తర్వాత నా వైపు. తను ఇన్నేళ్ళూ ఎందుకు ఆగిందో చెప్పింది. ఆమె భర్తకి ఒకటే కోరిక ఉండేదట, బిడ్డ కళ్ళు మొదట ఎండలో తెరవాలని. పైన గాలి బాగయ్యాక కందామని మాటిచ్చిందట. ప్రతి వారం మలుపులో నిలబడి నన్ను అడిగేది దీనికోసమే.

"నలభై ఒక్కేళ్ళు వచ్చాయి నాకు. ఇంకెన్నాళ్ళు అడుగుతాను నిన్ను," అంది నాతో. అది ప్రశ్నలా లేదు.

మొగలక్క చేతులు గుడ్డకి తుడుచుకుంది, గుడ్డే చేతులకన్నా నల్లగా ఉంది.

"ఇస్తే మొత్తం ఇస్తా. సగం సగం నాకు చేతకాదు. నా వంశంలోనే చదవాలి. నీ పేరు ఎక్కడా రాకూడదు. అది నన్నే అమ్మా అనాలి. నిన్ను ఏమని పిలవాలో నువ్వే చూసుకో."

పొగడ ఊఁ అంది. పలక మీద మిగులు వచ్చినప్పుడు అన్నట్టే.

దారిలో నేను ఏదో అనబోయాను. నాకు ఇప్పుడు ఎన్ని మాటలు తెలుసో, అన్నీ వెతికాను. పొగడ నడుస్తూనే, ఏమీ అనకు పిన్నీ, అంది.

23

ఆడపిల్ల. పేరు ఇప్ప. సంపెంగక్క మంత్రసాని పని చేసింది. మొగలక్క గది బయట గోడకి ఆనుకుని నిలబడింది, లోపలికి రమ్మన్నా రాలేదు. బిడ్డ ఏడుపు వినపడగానే పంపు దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇరవై ఒక్క రోజులు పొగడవి. ఆ రోజుల్లో నేను తక్కువగా వెళ్ళాను. పొగడ బిడ్డకి పాలిచ్చేది, నిద్రపుచ్చేది, గుడ్డలు ఉతికేది. ముద్దుపేర్లు మాత్రం ఏవీ పెట్టలేదు. అమ్మ దగ్గరకి రా, అమ్మ చూడు, ఇలాంటివి లోగిట్లో తల్లులు గుక్కతిప్పుకోకుండా అంటారు కదా. ఆ మాట రాకుండా ఎలా మాట్లాడాలో పొగడ నేర్చుకుంది. దా, అనేది. ఇదిగో, అనేది. నేను మాటల మీద ఇంత శ్రద్ధ పెడతాను కదా, ఒక్క మాటని తప్పించడానికి అంత శ్రద్ధ పెట్టగలనని అనుకోను.

మాస్టారు బారసాలకి రానన్నారు. సంపెంగక్క వెళ్ళి కాళ్ళ మీద పడబోయింది. ఆయన కంగారుగా పట్టుకుని లేపి, వస్తాను, చదవను అన్నారు.

నేను చదవాలి. మూడు అమ్మ వంశం నాకు నోటికి రాదు, మాది ఏడు. మొగలక్క నేర్పింది. ఒక్కో పేరూ చెప్పి నా చేత పలికించింది. తప్పు పలికితే నెత్తి మీద మొట్టింది.

29

బారసాల నడవలో జరిగింది. నడవ అందరిదీ, దాని గాలికి సంఖ్య అక్కర్లేదు, ఊపిర్లు మాత్రం లెక్కలోకి వస్తాయి. లోగిలి అంతా వచ్చింది. అంతా అంటే పాతికమందికి తక్కువే.

కావలి ముందు మొగలక్క బిడ్డని ఎత్తుకుని నిలబడింది. ఎత్తుకోవడం రాలేదు, తల జారుతోంది. పొగడ చెయ్యి దానంతట అదే లేచింది. మళ్ళీ దించుకుంది.

నేను మొదలుపెట్టాను. పోయినవాళ్ళ పేరు వస్తే అందరూ నిలిచింది అంటారు, బతికున్నవాళ్ళు వాళ్ళే ఉన్నాను అంటారు.

మూడు కోట్ల డెబ్బై మూడు లక్షల ముప్పై ఏడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది, ఇప్ప. ఈమె తల్లి, ముప్పై ఏడు లక్షల ముప్పై మూడు వేల ఏడు వందల తొంభై తొమ్మిది.

మొగలి, అని చదివాను, నాచు తొట్ల వంతు చదివినట్టు.

"ఉన్నాను," అంది మొగలక్క.

తర్వాత అన్నీ పోయినవాళ్ళవే. 373379. నిలిచింది. 37337. నిలిచింది. 3733, 373, 37. ఒక్కో అంకే రాలుతోంది, ఒక్కో ముసలమ్మ వచ్చి వెళ్తోంది. వాళ్ళెవరికీ ఈ బిడ్డ ఏమీ కాదు. చివరికి మూడు. అందరూ నిలిచింది అన్నారు. మాస్టారి పెదవులు కూడా కదిలాయి, శబ్దం రాలేదు.

మొగలక్క బొటనవేలు పెట్టింది. కావలి ఆలోచించుకుంటున్నట్టు ఉండిపోయింది. దానికి ఆలోచన ఉండదు, భాగిస్తోంది అంతే. నేను పొగడని చూడకుండా దాని వెలుగునే చూశాను.

నిలిచింది, అని వచ్చింది. మూడు అమ్మ చాలు చివర ఎక్కడో ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు వినపడింది.

మద్ది పులుసు కుండ తెచ్చాడు. ఎవరో అందరికీ పంచారు. ఏడు అమ్మ వంశం పొగడతో అయిపోయిందని ఎవరూ అనలేదు. నాకు లెక్కలు వచ్చు కాబట్టి నాకు తెలుసు.

31

ఇప్ప గూడు మూడు అమ్మ చాలులో ఉంది. సంఖ్య పడ్డాక బిడ్డ తన గూటి గాలిలోనే ఉండాలి, నడవలోకి తెచ్చినా కాసేపే. ఆ తలుపు ఇద్దరికే తెరుచుకుంటుంది, గూటి సంఖ్యకీ తల్లి సంఖ్యకీ. మొగలక్కకి పాలు లేవు. పొగడ వెళ్ళాలి. వెళ్ళి తలుపు బయట కూర్చుంటుంది, మొగలక్క పంపు దగ్గర్నుంచి వచ్చి తెరిచేదాకా. లోపల బిడ్డ ఏడుస్తుంటే చాలు పొడుగునా వినపడుతుంది.

ఇవాళ నేను బయటి గాలి పరీక్షకి ఆ దారినే వెళ్తున్నాను. పొగడ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుంది. రవిక ముందంతా తడిసిపోయింది. నన్ను చూసి నవ్వలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. నేను పక్కన కూర్చున్నాను. బిడ్డ ఏడుస్తోంది. ఏడుపుకి తెలుగులో ఎన్ని మాటలున్నాయో ఒకసారి పుట నిండా రాశాను. ఇది వాటిలో ఏదీ కాదు.

మొగలక్క పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతుల నిండా జిడ్డు, ఆయాసం. పంపు మధ్యలో వదిలి రావడానికి లేదట, నీళ్ళు ఎక్కుతున్నాయట. తలుపుకి వేలు ఆనించింది. జిడ్డుకి వేలిముద్ర పడలేదు. లంగా అంచుకి రుద్దుకుని మళ్ళీ పెట్టింది, మళ్ళీ పడలేదు. మూడోసారి నోట్లో పెట్టుకుని చప్పరించి పెట్టింది. తెరుచుకుంది.

లోపలికి వెళ్ళి బిడ్డని తీసుకొచ్చింది. ఇప్పుడు ఎత్తుకోవడం వచ్చింది, తల జారలేదు. నడవలోనే పొగడ ఎదురుగా గొంతుక్కూర్చుంది. బిడ్డ ఇంకా గుక్కపట్టే ఉంది.

"అయ్యిందమ్మా, అయ్యింది. ఏడవకు. ఇదిగో, అమ్మ దగ్గరికి వచ్చేశాం," అంటూ పొగడ ఒళ్ళో పెట్టింది.

పెట్టాక, తను ఏమందో తనకే వినపడినట్టుంది. చేతులు బిడ్డ కిందే ఉండిపోయాయి, వెనక్కి తీసుకోలేదు. పొగడ తల ఎత్తలేదు. బిడ్డ రొమ్ము అందుకుని ఏడుపు ఆపేసింది. నడవలో కిందినుంచి పంపు కొట్టుకుంటున్న చప్పుడు ఒక్కటే ఉంది.

మొగలక్క పంపు దగ్గరికి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. పొగడ పక్కనే గోడకి జారగిలబడి కాళ్ళు చాపుకుంది.

నేను ఖాళీ సీసా తీసుకుని పై చాలుకి వెళ్ళాను.